మీ ప్రశ్న – అక్క జవాబు: మా తమ్ముడికి ఎందుకు నయం కాలేదు?

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తో మా తమ్ముడికి చిన్నప్పుడే కాళ్లు వంకర పోయాయి, ఇప్పుడు నడుమూ వంగింది. స్వస్థత కూటాలకు తీసుకెళ్లాం. పక్కూరామె మోకాళ్ల నొప్పి పోయిందని స్టేజీ మీద సాక్ష్యం చెప్పింది. మావాడికి ఏమీ కాలేదు. అడిగితే ‘మీ ఇంట్లో అవిశ్వాసం ఉంది’ అన్నారు. మా ఆయన ప్రభువును నమ్మడు. ‘మీ తమ్ముణ్ణి నిలబెట్టమను, రేపే బాప్తిస్మం తీసుకుంటా’ అంటాడు. లోపం నాదా, ఆయనదా? తమ్ముణ్ణి మళ్లీ కూటానికి తీసుకెళ్లాలా?
– ఒక చెల్లెలు, నల్లగొండ జిల్లా

జవాబు: ఇద్దరిదీ కాదు చెల్లెమ్మా. ఆ మాట అన్నవాళ్ల మీద నాకు కోపం వచ్చింది. పాలమూరు వైపు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆపరేషన్‌కు ముందు రోగి చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసేదాన్ని, ఇప్పటికీ చేస్తాను. అద్భుతాలు నమ్ముతాను కాబట్టే చెబుతున్నాను. నయం కాని రోగి మీద నేరం మోపమని సువార్తలో లేదు.

బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా పడి ఉన్న మనిషిని యేసు లేపాడు. తనను లేపింది ఎవరో కూడా అతనికి తెలియదు. ఇక అతని విశ్వాసాన్ని ఎవరు కొలిచారు? లుస్త్ర అనే ఊళ్లో కుంటివాణ్ణి నడిపించిన అపొస్తలుడు పౌలే, తన శరీరంలోని ముల్లులాంటి బాధను తీసెయ్యమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ‘నా కృప నీకు చాలును’ అన్నదే జవాబు. తోటి పనివాడు త్రోఫిము జబ్బుపడితే మిలేతు ఊళ్లో వదిలి వచ్చానని శిష్యుడు తిమోతికి రాశాడు కూడా. వీళ్ల ఇళ్లలో అవిశ్వాసం ఉందందామా?

మీ ఆయన మాట వేరే. చనిపోయిన లాజరు యేసు పిలిస్తే సమాధిలోంచి లేచి రావడం బేతనియలో జనం కళ్లారా చూశారు. కొందరు నమ్మారు, కొందరు వెళ్లి యేసును వ్యతిరేకించే పరిసయ్యులనే మతపెద్దలకు చెప్పారు. ప్రధాన యాజకులైతే లాజరునూ చంపాలని ఆలోచించారు! అద్భుతం చూసిన ప్రతివాడూ విశ్వాసి అయిపోడు. అయినా మీ ఆయన మాటలో నాకు బావమరిది మీద ప్రేమే వినిపిస్తోంది. దానికి పోట్లాడకండి. ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము’ అని జబ్బు బిడ్డ కోసం ఏడ్చిన తండ్రినే యేసు తోసెయ్యలేదు, ఆ బిడ్డను బాగుచేశాడు.

పక్కూరామె నొప్పి పోతే సంతోషమే. కానీ సాక్ష్యాన్ని పరీక్షించడం పాపం కాదు. ఫ్రాన్స్‌లోని మరియమ్మ పుణ్యక్షేత్రం లూర్దులో 1858 నుంచి నయమైందని చెప్పుకున్నవాళ్లు 7,000 మందికి పైనే. డాక్టర్లు చూసి, బిషప్పులు ఒప్పుకుని 2018 నాటికి అద్భుతాలుగా ప్రకటించినవి 70.

ఇప్పుడు నర్సుగా ఒక మాట. ఫ్లోరోసిస్‌తో అంతగా వంగిన ఎముక తిరిగి నిటారు కావడం నేను చూడలేదు. కానీ నొప్పి తగ్గించవచ్చు. ఎముకల డాక్టరుకు చూపించండి, ఫిజియోథెరపీ అడగండి, ప్రార్థన చేయించామని మందులు ఆపకండి. ఇంట్లో పిల్లలుంటే తాగడానికే కాదు, వంటకూ బోరు నీళ్లు వాడొద్దు, మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ లేకపోతే పింఛను కోసం అదీ చేయించండి.

మళ్లీ కూటానికి తీసుకెళ్లాలా అని రాశారు. బేతెస్ద దగ్గర యేసు ముందు ఆ రోగినే అడిగాడు, ‘స్వస్థపడగోరుచున్నావా’ అని. మీ ఉత్తరంలో మీ మాట ఉంది, మీ ఆయన మాట ఉంది, స్టేజీ మీదివాళ్ల మాట ఉంది. తమ్ముడి మాట ఒక్కటీ లేదు. వెళ్దామా వద్దా అని అతణ్ణే అడగండి. వద్దంటే బలవంతం చెయ్యకండి.