టేబుల్ టెన్నిస్ పెన్‌హోల్డ్ బ్లేడ్‌కి (బ్యాట్ చెక్కకి) రెండో వైపు కూడా రబ్బరు వేసి ఆడొచ్చా?

ఒంగోలు నుంచి అడిగారు, కలం పట్టుకున్నట్టు పట్టే, ఒక వైపే రబ్బరున్న పెన్‌హోల్డ్ బ్యాట్‌తో వెనక వైపు కూడా కొట్టాలంటే ఏం మార్చాలని.

పిడి మీద కార్కు ముక్క ఎత్తుగా ఉంటే అది జపాన్ రకం. రెండో రబ్బరుతో దాదాపు 40 గ్రాములు పెరిగి ముందుకు తూగుతుంది, మణికట్టు లాగేస్తుంది. దాన్ని చెక్కి పాడుచేసుకునే బదులు చైనా రకం కొనడమే మేలు.

చైనా రకమైతే పని తేలిక. బొటనవేలు, చూపుడువేలు ఆనే చోట, పిడికి రెండు పక్కలా ఉండే బ్లేడ్ భుజాల దగ్గర అంచుల్ని ఉప్పు కాగితంతో, అదే శాండ్ పేపర్‌తో, గుండ్రంగా అరగదీయండి. ముందు 120 నంబరు, తర్వాత 240. మధ్యమధ్యలో పట్టుకుని, మణికట్టు తిప్పి వెనక వైపుతో గాల్లో కొట్టి చూసుకోవాలి. నేను నెల్లూరులో ఇంటి అరుగు మీద కూర్చుని తొందరపడి చూపుడువేలి వైపు పై పొర మొత్తం తినేశాను. ఇప్పటికీ అక్కడ వేలు జారుతుంది. అరగదీసిన చోట పలచగా వార్నిష్ వేయండి, మన ఉక్కకి, చెమటకి చెక్క ఊరుకోదు.

వెనకకి పలచటి స్పాంజి ఉన్న తేలిక రబ్బరు చాలు. టోర్నమెంట్ ఆడేటట్టయితే ఒక వైపు నలుపు, రెండో వైపు ఎరుపు వేయించుకోండి.