రాత్రి పది గంటల మాత్ర

ప్రశ్న: మా అత్తగారికి 71 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో చేయించాం. ఇప్పుడది తిరగబెట్టి వెన్నెముకకు, కాలేయానికి పాకింది. మళ్లీ కీమో మొదలుపెడితే రెండు విడతలకే మంచం పట్టారు. ఇక నొప్పి తగ్గించే చికిత్స చాలని డాక్టరు చెప్పి మార్ఫిన్ మాత్రలు రాశారు. అలవాటు పడిపోతుందని మావారు వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, నొప్పికి తాళలేక అరిచినప్పుడే ఇస్తున్నారు. అత్తగారి పేరున ఉన్న అరెకరం అమ్మి, వేరే ఊళ్లో కొత్త కీమో చేయిస్తానంటున్నారు. జబ్బు తిరగబెట్టిందని ఆవిడకు చెప్పలేదు, వాతం నొప్పులన్నాం. నేను వద్దంటే కోడలే అడ్డుపడిందని ఆడపడుచు అంటుంది. పొలం అమ్మడానికి ఒప్పుకోవాలా, వద్దా?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: పొలం మీ అత్తగారిది. అమ్మాలో వద్దో ఆవిడను అడగండి. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంతకుమించి జవాబు లేదు.

నన్ను వదలనిది ఆ బీరువా. తాళం వేశారన్న సంగతి ఎంత మామూలుగా రాశారమ్మా! వెన్నులోకి క్యాన్సర్ దిగిన మనిషి పక్కకు ఒత్తిగిల్లాలంటే ఎలా ఉంటుందో రోజూ కళ్లారా చూస్తున్నది మీరే కదా. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పుణ్యమా అని మన దేశంలో క్యాన్సర్ రోగులకు ఏళ్ల తరబడి మార్ఫిన్ సరిగా అందలేదు. ఆ అనుమతుల చిక్కుముడులు కొంత విప్పడానికి 2014లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. ఇప్పటికీ ప్రతి మందుల షాపులో దొరకదు. అంత దూరం నడిచి మీ ఇంటి దాకా వచ్చిన మందుకు మీవారు మళ్లీ తాళం వేశారు.

డాక్టరు నాలుగు గంటలకోసారి అని రాస్తే గడియారం చూసి ఇవ్వాలి, అరుపులు విని కాదు. నొప్పి ముదిరాక వేసిన మాత్ర దాన్ని అందుకోలేదు. చెప్పిన మోతాదులో క్యాన్సర్ నొప్పికి వాడేవారు మత్తుకు బానిసలు కావడం అరుదు. అయినా ఈ దశలో ఉన్న 71 ఏళ్ల మనిషికి అలవాటవుతుందన్న భయం ఏమిటి? మొదటి కొద్ది రోజులు మగత, వికారం ఉండవచ్చు, చాలామందికి సర్దుకుంటాయి. మలబద్ధకం సర్దుకోదు కాబట్టి దానికీ మందు అడిగి మొదటి నుంచే వేయండి. కాలేయం దెబ్బతిన్నది కనుక మోతాదు మాత్రం మీ అంతట మీరు పెంచకండి. ఇంకొక్కటి గుర్తు పెట్టుకోండి: హఠాత్తుగా కాళ్లు పట్టు తప్పినా, మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా తెల్లవారే దాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక మీవారి సంగతి. మీ నాలుగు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించాం కానీ నేను రెండుసార్లు చదివాను. ఆయన స్కానింగులకు తిరిగారు, అప్పు తెచ్చారు, డాక్టరుతో గొడవపడ్డారు. తల్లి మంచం పక్కన కూర్చున్నారని ఒక్కచోటా లేదు. "గది గుమ్మం దగ్గర నిలబడి, ఎలా ఉందమ్మా అని అడిగి వెళ్లిపోతారు" అని మీరే రాశారు. చెడ్డ కొడుకని నేననను. తల్లి అలా పడి ఉంటే చూడలేక, ఆ చూడలేకపోవడానికి వైద్యం అని పేరు పెట్టుకున్నారు. ఆ అరెకరం అమ్మితే ఆయనకు దక్కేది గదికి దూరంగా ఉండే మరో రెండు నెలలు.

నాకు తెలియక అనడం లేదు. మా నాన్నగారి చివరి తొమ్మిది రోజులూ నేను ఐసీయూ బయట ఇనుప కుర్చీలో కూర్చుని బిల్లులు కట్టాను. ఆయన చేయి పట్టుకున్నది ఎవరో పేరు తెలియని నర్సు.

మీ మీద కూడా కోపం ఉంది. ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, ఎండిన పెదవులకు తడి దూది అద్దడం మీ వంతు. నిర్ణయాలు ఆయనవి, నింద మళ్లీ మీది. ఈ పంపకానికి ఎప్పుడు ఒప్పుకున్నారు? అత్తకు సేవ చేయడం గొప్పే, కాదనను. కానీ కొడుకు చేయాల్సింది కూడా మీరే చేసేస్తుంటే ఆయనకు గదిలోకి వచ్చే పని ఏముంటుంది?

ఆవిడకు తెలియదంటారా! ఒకసారి కీమోకు జుట్టు రాల్చుకున్న మనిషి, రెండోసారి దిండు మీద వెంట్రుకలు చూసి వాతమనుకుంటుందా? పెట్టెలోని పట్టుచీరల్లో ఏది ఎవరికివ్వాలో పోయిన నెలలోనే మీకు చెప్పారని రాశారు. తెలియనివారు చెప్పే మాటలేనా అవి? మీ నాటకం చెడకూడదని ఆవిడ నోరు మెదపడం లేదు, అంతే. "నీకేం కావాలమ్మా, ఆసుపత్రికి వెళ్దామా, ఇంట్లోనే ఉంటావా?" అని కొడుకు అడగాలి. మీరు కాదు, ఆయనే.

ఆవిడ వెళ్దామంటే వెళ్లండి, అప్పుడు పొలం అమ్మినా తప్పు లేదు. ముందు ఫైలు పట్టుకుని ఆయన ఒక్కరే విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లి అడగనివ్వండి: పగలు సగానికి పైగా మంచంలోనే ఉండే మనిషి ఈ కీమో తట్టుకోగలదా, ఎన్నాళ్లు కలిసొస్తాయి, అందులో ఆసుపత్రిలో గడిచేవి ఎన్ని? వెన్నునొప్పికి రేడియేషన్ పనికొస్తుందా అని కూడా అడగాలి. ఎముక నొప్పికి చాలాసార్లు ఒక్క సిట్టింగు సరిపోతుంది. పాలియేటివ్, అంటే నొప్పీ బాధా తగ్గించే వైద్యం, చేతులెత్తేయడమేనని మీవారు అంటే, 2010లో అమెరికాలో వెలువడిన అధ్యయనం గురించి చెప్పండి. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో మొదటి నుంచే ఈ వైద్యం కూడా అందినవారు, చివర్లో తక్కువ కీమో తీసుకున్నా, మిగతావారి కంటే సగటున రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు. మీ అత్తగారి జబ్బు వేరు, లెక్క వేరు. చేతులెత్తేయడం కాదనడానికి మాత్రం ఆ మాట చాలు.

ఆడపడుచు ఫోను చేస్తే మీరు తీయకండి. వాళ్ల అన్నయ్య చేతికివ్వండి. బీరువా తాళం తీయించి, డాక్టరు రాసిన వేళలు కాగితం మీద రాసి గోడకు అంటించండి. పగటి మాత్రలు మీరు ఇవ్వండి, రాత్రి పది గంటలది మీవారిది. తల కొద్దిగా ఎత్తి, మాత్ర వేసి, నీళ్లు తాగించి, మింగేదాకా కూర్చోవాలి. ఆ సమయంలో మీరు వంటింట్లో ఉండండి. ఎంత పిలిచినా వెంటనే వెళ్లకండి.