ర్యాంకు పడిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, నా పచ్చళ్ళ సైట్ సెర్చ్‌లో ఫస్ట్ పేజీలో వచ్చేది, నేనేం మార్చలేదు, అయినా మూడో పేజీకి పోయింది. నా తప్పేంటండీ?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పు మీదే అవ్వాలని లేదమ్మా. గూగుల్ ఏడాదికి కొన్నిసార్లు కోర్ అప్‌డేట్ అని, సెర్చ్‌లో ఏ పేజీ పైన రావాలన్న లెక్క మారుస్తుంది, మీ పేజీ అలాగే ఉన్నా పక్కవాళ్ళది పైకెళ్తే మీది కిందకి దిగుతుంది. 2011లో పాండా అనే గూగుల్ అప్‌డేట్ పసలేని పేజీల్ని, 2012లో పెంగ్విన్ అనేది వేరే సైట్ల నుంచి కొనుక్కున్న లింకుల్ని దెబ్బకొట్టాయి, 2024 మార్చిదైతే పూర్తవడానికి 45 రోజులు పట్టింది, అందుకే మధ్యలో కంగారుపడి పేజీలు డిలీట్ చేసేయకండి ప్లీజ్. అప్‌డేట్ అయిపోయాక ఒక వారం ఆగి, సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఓనర్లకి గూగుల్ ఇచ్చే ఉచిత టూల్) ఏ పేజీకి క్లిక్‌లు తగ్గాయో చూడండి. ఆవకాయ పేజీ పడిందనుకోండి, ముక్కలకి ఉప్పెంత కారమెంత అన్నది పైనే ఉందా, పది పేరాల కథ తర్వాత ఉందా? మీరు కలిపిన జాడీ ఫోటోనే పెట్టండి. కోలుకోడానికి నెలలు పట్టొచ్చు.