జీతం లేని ఫైర్‌మన్‌కు క్యాన్సర్ వస్తే పరిహారం ఉంటుందా?

ప్రశ్న: మేము న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో ఉంటాం. మా వారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూనే ఎనిమిదేళ్లుగా ఊరి ఫైర్ స్టేషన్‌లో జీతం లేకుండా పనిచేస్తున్నారు. మంటలార్పి వచ్చిన రాత్రి మెడ తుడుచుకుంటే తువ్వాలు నల్లబడేది. ఈమధ్య ఆయనకు మూత్రాశయ క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ తప్పదన్నారు. జీతమే లేని పనికి పరిహారం అడగవచ్చా? గ్రీన్ కార్డు మీద ఉన్నాం. ప్రభుత్వ సొమ్ము తీసుకుంటే పౌరసత్వానికి అడ్డమవుతుందేమోనని ఆయన భయం.

జవాబు: అమ్మా, నిస్సంకోచంగా అడగండి. మీ వారిలాంటి వాలంటీర్ల కోసమే న్యూయార్క్ రాష్ట్రం 2017లో చట్టం చేసింది. 2019 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. ఆ భారం మోయాల్సింది మీ ఫైర్ డిస్ట్రిక్టు, అంటే ఊరి అగ్నిమాపక సేవను నడిపే స్థానిక సంస్థ. బీమా ద్వారా ఇచ్చినా, నేరుగా ఇచ్చినా అది ఊరివాళ్ల పన్నుల సొమ్మే. ఆ ఊరి ఇళ్లలోకే కదా ఆయన మంటల మధ్య వెళ్లింది!

ఏ ఇంటి పొగ వల్ల ఈ జబ్బు వచ్చిందో మీరు రుజువు చేయనక్కర్లేదు. మూత్ర వ్యవస్థ క్యాన్సర్లు ఈ చట్టం పరిధిలో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కూడా అగ్నిమాపక వృత్తికీ మూత్రాశయ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని 2022లో తేల్చింది.

క్యాన్సర్ తీవ్రమైనదై, చట్టం చెప్పిన షరతులకు సరిపోతే ఒకేసారి 25,000 డాలర్లు ఇస్తారు. తీవ్రత తక్కువైతే 6,250. అందుకే కణితి ముక్కను పరీక్షించి ఇచ్చే పాథాలజీ రిపోర్టులో ప్రతి మాటా ముఖ్యం, దాని అసలు కాపీ తీసుకోండి. పూర్తిగా పనిచేయలేని స్థితి వస్తే నెలకు 1,500 వరకు, గరిష్ఠంగా 36 నెలలు వస్తుంది. రాయడానికి మనసొప్పడం లేదు గానీ, మరణం సంభవిస్తే కుటుంబానికి 50,000.

అసలు చిక్కు అర్హత దగ్గరే వస్తుంది. కాలుతున్న కట్టడం లోపలికి వెళ్లే ఫైర్‌మన్‌గా కనీసం ఐదేళ్లు చేసి ఉండాలి. బయట పైపు పట్టుకున్న సేవ ఎంత గొప్పదైనా ఇందులో లెక్కకు రాదు. చేరినప్పటి వైద్య పరీక్షలో క్యాన్సర్ లేదని ఉండాలి. ఏటా మాస్కు ముఖానికి సరిగ్గా పట్టిందో లేదో చూసే పరీక్ష చేస్తారు కదా, అలాంటివి ఐదు పాసైనట్టు కాగితం కావాలి. మిగతా అర్హతలన్నీ ఉన్న మనిషైనా ఆ చిన్న చీటీ లేకపోతే ఆగిపోవాల్సి రావచ్చు. స్టేషన్‌లో ఆ రికార్డుల నకళ్లు ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. ఏదైనా ఏడాది చీటీ దొరక్కపోతే శిక్షణ పత్రాలు, మంటలకు వెళ్లిన రోజుల హాజరు పట్టీలు పోగుచేయండి.

పౌరసత్వం సంగతి: ఇది పేదరికం చూసి ఇచ్చే సాయం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు. పైగా ప్రభుత్వం మీద ఆధారపడుతున్నారా అన్న పరీక్ష పౌరసత్వ దరఖాస్తులో లేనే లేదు. దరఖాస్తు మీ ఫైర్ డిస్ట్రిక్టుకే ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. ఆపరేషన్ అయ్యేదాకా ఆగకండి.