బైక్ మీద దొరికితే లారీ ఆగింది, కంతు కట్టేదెలా?

ప్రశ్న: మాది చీమకుర్తి. మా ఆయన సొంత లారీలో గ్రానైట్ బ్లాకులు కృష్ణపట్నం పోర్టుకు తోలతారు. పోయిన ఆదివారం ఒంగోలులో బంధువుల ఇంట్లో విందులో మందు తాగి బైక్ మీద వస్తుంటే పోలీసులు ఊదించారు. 86 వచ్చింది. లైసెన్సు తీసుకుని రసీదు ఇచ్చారు. వచ్చే వారం కోర్టు. లైసెన్సు ఆరు నెలలు పోతుందంటున్నారు. డీజిలు, టోలు, టైర్లు, క్లీనరు జీతం పోను లారీ మీద నెలకు 90 వేలు మిగులుతుంది. ఫైనాన్స్ కంతు 52 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు. "రసీదు ఉందిగా, నడుపుకోమను" అంటున్నాడు మా అన్నయ్య. తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి మూడు లక్షలు ఇస్తానన్నాడు. బీరువాలో ఆరు సవర్ల బంగారం ఉంది. లారీ అమ్మేయమంటారా?

జవాబు: లారీ అమ్మొద్దమ్మా. మూడు రూపాయల వడ్డీ జోలికి అసలు వెళ్లొద్దు. ముందు మీ అన్నయ్య మాట సంగతి చూద్దాం, అన్నిటికన్నా ఎక్కువ నష్టం అక్కడే ఉంది.

పోలీసులు ఇచ్చిన రసీదు బండి నడపడానికి అనుమతి కాదు. లైసెన్సు తిరిగి చేతికి వచ్చేదాకా ఆ రసీదుతో నడపకూడదని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. కోర్టు లైసెన్సు మీద వేటు వేశాక నడిపి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. అది కూడా చిన్న విషయమే. ఆ సమయంలో లారీ ఎవరికైనా తగిలితే బీమా కంపెనీ చేతులెత్తేయడానికి దారి దొరుకుతుంది. బాధితులకు ముందు కంపెనీతో కట్టించినా, ఆ సొమ్ము తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతుంటాయి. ప్రాణం పోయిన కేసుల్లో ఆ మొత్తం లక్షల్లో ఉంటుంది. లారీ పోయినా అప్పు మాత్రం మిగులుతుంది.

బైక్ మీద దొరికితే లారీ ఎందుకు ఆగాలని మీకు అనిపించి ఉంటుంది. మన దగ్గర లారీకి వేరే లైసెన్సు కార్డు ఉండదు. బైకు, కారు, ట్రాన్స్‌పోర్టు అన్నీ ఒకే లైసెన్సు మీద ఉంటాయి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం, మీ ఆయనకు వచ్చిన 86 ఈ లెక్కలోదే. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి జైలు రెండేళ్ల దాకా, జరిమానా 15 వేలు. 2019 సెప్టెంబరుకు ముందు మొదటి తప్పుకు 2 వేలతో పోయేది, చాలామంది ఇంకా ఆ లెక్కలోనే ఉన్నారు. రోడ్డు మీద చలానా కట్టి వదిలించుకునే కేసు కాదిది, కోర్టుకు వెళ్లాల్సిందే. శిక్ష పడితే కనీసం ఆరు నెలలు లైసెన్సు ఆపమని చట్టం కోర్టుకే చెబుతోంది.

అయితే ఇక్కడ ఒక సందు ఉంది. ఆ వేటు అన్ని రకాల వాహనాలకూ వేయొచ్చు, ఫలానా రకానికి మాత్రమే వేయొచ్చు. దొరికింది టూవీలరు మీద, కుటుంబం బతికేది లారీ మీద, ఇదే మొదటి తప్పు అని లాయరు చేత అడిగించండి. జడ్జిగారు ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను కానీ, అడగకుండా వచ్చేస్తే మాత్రం తప్పు మనది. ఆర్టీవో ఆఫీసు నుంచి విడిగా నోటీసు వస్తే దాన్నీ పక్కన పడేయకండి. సస్పెన్షన్‌కు ముందు వాళ్లు మీ ఆయన మాట వినాలి. ఉత్తర్వు వచ్చాక అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. లారీని షెడ్డులో పెడితే కంతు, ఇల్లు కలిపి నెలకు 82 వేలు, ఆరు నెలలకు 4,92,000. డ్రైవర్ని పెడితే? జీతం, బేటా (దారి ఖర్చుల భత్యం) కలిపి 25 వేలు అనుకుందాం. మిగిలే 65 వేలలో కంతు, ఇల్లు పోను నెలకు 17 వేలు తక్కువ పడుతుంది. ఆరు నెలలకు 1,02,000. క్లీనరుకు ఇచ్చే 10 వేలు ఆదా చేసి మీ ఆయనే పక్క సీట్లో కూర్చుంటే లోటు 42 వేలకు దిగుతుంది. పక్క సీట్లో కూర్చోవడం నేరం కాదు. భయమల్లా రాత్రి రెండు గంటలకు, హైవే మీద డ్రైవరు ఆవలిస్తూ "అన్నా, కావలి దాకా పట్టుకో" అన్నప్పుడు. అక్కడ ఆయన "లేదు, పక్కన ఆపి పడుకో" అనగలిగితేనే ఈ పద్ధతి. అనలేరనుకుంటే క్లీనర్నే ఉంచి, ఆయన్ను ఏదైనా గ్రానైట్ యార్డులో పనికి పంపండి.

జరిమానాకు 10 వేలు, లాయరుకు 15 వేలు, డ్రైవరు దొరికేలోపు పది రోజులు బండి ఆగితే 30 వేలు. క్లీనర్ని ఉంచుకున్నా అన్నీ కలిపి లక్షా యాభై, లక్షా అరవై వేల దగ్గర తేలుతుంది. మూడు లక్షలు ఎందుకు? ఆ అప్పుకు నెలకు 9 వేలు వడ్డీయే పోతుంది. అదే లక్షన్నరకు బ్యాంకులో బంగారం పెడితే, ఏడాదికి పది శాతం అనుకున్నా నెలకు 1,250. ఆరు సవర్లూ పెట్టనక్కర్లేదు. ఇంకా తక్కువ పడితే అప్పుడు మళ్లీ పెట్టొచ్చు.

ఫైనాన్స్ కంపెనీకి కంతు తప్పాక కాదు, ఇప్పుడే వెళ్లి చెప్పండి. మూడు నాలుగు నెలలు కంతు తగ్గించి కాలం పొడిగిస్తారేమో రాతపూర్వకంగా అడగండి. ఆలస్యమైతే వేసే అపరాధ రుసుమును అసలులో కలిపి దానిమీద వడ్డీ లాగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, స్టేట్‌మెంటులో చూసుకోండి. 90 రోజులు దాటనివ్వకండి, ఖాతా మొండి బకాయిల్లోకి పోతుంది.

కొత్త డ్రైవరు లైసెన్సు ఫొటో చూసి నమ్మకుండా ప్రభుత్వ పరివాహన్ సైటులో నంబరు కొట్టి చూడండి. లారీ బీమా పాలసీలో పెయిడ్ డ్రైవర్ కవరు (జీతానికి పెట్టుకున్న డ్రైవరుకు వర్తించే బీమా) ఉందో లేదో చూసి, లేకపోతే వేయించండి, ఖర్చు చాలా తక్కువ. అతను తాగి గుద్దినా మీ లారీ రిపేరుకు బీమా రాదు. ఊదించిన కాగితం లేకపోయినా, వేరే సాక్ష్యంతో తాగినట్టు తేలితే క్లెయిము తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

మీ ఆయనకు ఒక్క మాట చదివి వినిపించండి. రాత్రి పదింటికి ఒక క్వార్టరు తాగితే ఒంట్లోంచి 30 కిందకు దిగడానికి సుమారు ఆరేడు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఇంకా ఎక్కువ. నిద్రపోయి లేచి, మొహం కడుక్కుని, టీ తాగి నాలుగింటికి లోడుతో బయలుదేరితే ఊదినప్పుడు దొరికిపోతారు.

ఆయన లైసెన్సులో ట్రాన్స్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో కూడా ఈ రోజే చూడండి. అది అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువు ఈ ఆరు నెలల్లోనే తీరేటట్టయితే, రెన్యువల్‌కు పట్టే ఆ కొన్ని వారాల డ్రైవరు జీతాన్ని కూడా పై లెక్కలో కలుపుకోండి.