మాత్ర మానేసి పెగ్గు వేయొచ్చా?

ప్రశ్న: రెండు నెలలుగా డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ, రాత్రికి క్లోనజిపామ్ 0.5 వాడుతున్నాను. వచ్చే వారం గుత్తిలో మా బామ్మర్ది పెళ్లి. ఆ ఒక్కరోజు మాత్రలు ఆపి రెండు పెగ్గులు వేస్తే ఏమవుతుంది? రాత్రికి బండి మీద ఇంటికొచ్చేస్తాను.
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: వద్దండీ. మనం రెండింటినీ 'మందు' అనే అంటాం, ఈ తికమక అక్కడే మొదలవుతుందేమో! ఎస్సిటాలోప్రామ్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 30 గంటలు, క్లోనజిపామ్‌కి అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు కాబట్టి, పొద్దున మాత్ర ఆపినా సాయంత్రం పెగ్గు వాటి మీదే పడుతుంది. అసలు భయం క్లోనజిపామ్‌తోనే. అదీ మద్యం కలిసి మెదడును మత్తులో ముంచుతాయి, ఊపిరి కూడా నెమ్మదించవచ్చు. మీకు తూలుతున్నట్టే అనిపించదు, కానీ ఎదురుగా లారీ లైటు కనిపించాక బ్రేకు మీద కాలు పడేది ఆలస్యంగా. ఎస్సిటాలోప్రామ్‌తో కడుపులో రక్తస్రావం రిస్కు కొంత ఉంటుంది, మద్యం దాన్ని పెంచుతుంది. పైగా తాగిన మర్నాడు దిగులు మళ్లీ ముసురుకుంటే రెండు నెలల కష్టం వెనక్కిపోతుంది.

బంధువులు బలవంతం చేస్తే "యాంటీబయాటిక్ కోర్సులో ఉన్నా" అనేయండి, గోలీసోడా పట్టుకుని కూర్చోండి. ఒకవేళ మీకు రోజూ తాగే అలవాటుంటే మాత్రం ఒక్కసారిగా మానకండి, వణుకు, ఫిట్స్ రావచ్చు. ఆ సంగతి దాచకుండా మీ డాక్టరుకి చెప్పండి. మనసు మరీ బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.