రెడ్ ఇయర్ అని అమ్మారు, ఎరుపు మచ్చ లేదు: తాబేలు ఉపజాతిని ఎలా గుర్తుపట్టాలి?

మీరు శ్రీకాకుళంలో ఉంటారు, విశాఖలో అక్వేరియం షాపులో తాబేలు కొన్నారు. రెడ్ ఇయర్ అని చెప్పి అమ్మారు, ఇప్పుడు 12 సెంటీమీటర్లు పెరిగింది, కానీ కంటి వెనక ఎరుపు లేదు, పసుపే ఉంది. ఎరుపు వెలిసిపోయిందా, అసలు ఇది వేరే ఉపజాతా అన్నది మీ ప్రశ్న.

వేరే ఉపజాతే అయ్యే అవకాశం ఎక్కువ. విజయనగరంలో మా ఇంట్లో రెడ్ ఇయర్ ఉంది, మా అన్నయ్య పిల్లల దగ్గర ఎల్లో బెల్లీ ఉంది. వాళ్లు ఊరెళ్లినప్పుడల్లా దాన్ని మాకే అప్పజెప్పి వెళ్తారు. రెండూ ఒకేచోట ఉన్నప్పుడు తేడా ఎక్కడ చూడాలో బాగా తెలిసింది: కంటి వెనక, పొట్ట మీద. పై డిప్ప రంగును మాత్రం నమ్మకండి. చిన్నప్పుడు ఆకుపచ్చగా మెరిసేది పెరిగేకొద్దీ మసకబారుతుంది, పైన పాచి పడితే అసలే తెలియదు.

స్లైడర్లు అని పిలిచే ఈ నీటి తాబేళ్లన్నీ అమెరికావి. ఒకే జాతి, మూడు ఉపజాతులు. రెడ్ ఇయర్‌ది మిసిసిపీ నది పరీవాహక ప్రాంతం, ఎల్లో బెల్లీది ఆగ్నేయ రాష్ట్రాలు. కంబర్లాండ్ అనే మూడోది కంబర్లాండ్, టెనెసీ నదుల ఎగువ ప్రాంతంది.

ముందు కంటి వెనక చూడండి. రెడ్ ఇయర్‌కి అక్కడ వెడల్పాటి ఎర్ర చార ఉంటుంది. ఎల్లో బెల్లీకి పెద్ద పసుపు మచ్చ ఉండి మెడ మీది చారలో కలుస్తుంది. కంబర్లాండ్‌కి కూడా పసుపే కానీ సన్నటి గీతలా ఉంటుంది. కొన్ని రెడ్ ఇయర్లకి ఎరుపు లేతగా, నారింజగా ఉంటుంది కాబట్టి ఇక్కడితో ఆగిపోవద్దు.

అసలు సంగతి పొట్ట చెబుతుంది. అడుగు డిప్ప మీద 12 పలకలుంటాయి. రెడ్ ఇయర్‌కి దాదాపు ప్రతి పలక మీదా నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఎల్లో బెల్లీకి పొట్టంతా పసుపు, ముందువైపు పలకల మీద మాత్రమే రెండో నాలుగో నల్ల చుక్కలు. వెనక కాళ్ల దగ్గర, తోక పక్కన నిలువు పసుపు చారలు కనిపించినా అది ఎల్లో బెల్లీ లక్షణమే. మా అన్నయ్య పిల్లల తాబేలుకి ఈ చారలు కొట్టొచ్చినట్టు ఉంటాయి.

ముసలి మగ తాబేళ్లకి ఒళ్లంతా నల్లబడి గుర్తులన్నీ కలిసిపోవడం నిజమే. అయితే అలా నల్లబడినప్పుడు అన్ని రంగులూ తగ్గుతాయి, ఎరుపొక్కటే పోయి పసుపు నిగనిగలాడదు. పైగా మీది ఇంకా చిన్నది.

రెండింటి లక్షణాలూ కలిసి కనిపిస్తే సంకరం అనుకోండి. ఈ ఉపజాతులు ఒకదానితో ఒకటి జతకడతాయి, ఫారాల్లో కలిపి పెంచినవీ ఉంటాయి. అలాంటప్పుడు ఏదో ఒక పేరు పెట్టి తీరాలని పట్టుబట్టక్కర్లేదు. తిండి, నీళ్లు, ఎండ మూడు ఉపజాతులకీ ఒకటే.

తిప్పి చూసేటప్పుడు డిప్పని రెండు చేతులతో పక్కల నుంచి పట్టుకోండి, వెల్లకిలా ఎక్కువసేపు ఉంచకండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తాబేళ్ల నుంచి సోకే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయంతోనే అమెరికాలో 1975 నుంచి 4 అంగుళాల లోపు తాబేళ్లను పెంపకానికి అమ్మడం నిషేధించారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇది చదివే ఇంకొందరి కోసం ఒక మాట. మీ దగ్గరున్నది పసుపు నక్షత్రాల గీతలున్న మెట్ట తాబేలైతే దానికి గుర్తింపు పొందిన ఉపజాతులే లేవు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, ఇంట్లో పెంచడం నేరం. మన చెరువుల్లో దొరికే మెత్తటి డిప్ప తాబేలు కూడా రక్షిత జాతే. వీటిలో ఏది ఉన్నా అటవీ శాఖ ఆఫీసులో అప్పగించండి. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లున్నాయి కదా, అక్కడే వదిలేద్దాం అనుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కొత్త తాబేలు తెచ్చే జబ్బు అక్కడున్న వాటికి అంటుకోవచ్చు, నీటిలో బతికే స్లైడర్ అయితే అక్కడ బతకడమే కష్టం.

మీ తాబేలు పెద్దదై తొట్టె సరిపోకపోయినా నాగావళిలోనో ఊరి చెరువులోనో వదలొద్దు. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో రెడ్ ఇయర్ ఉంది. ఎండ కాచుకునే చోటు, తిండి రెండూ మన తాబేళ్ల నుంచి లాగేసుకుంటుంది. ఐరోపా సమాఖ్య 1997లో దాని దిగుమతి ఆపితే, వ్యాపారులు బదులుగా ఎల్లో బెల్లీని అమ్మడం మొదలుపెట్టారు. అంటే మీది ఎల్లో బెల్లీ అని తేలినా ఈ జాగ్రత్త తప్పదు.

పగటి వెలుతురులో కంటి పక్క నుంచి ఒకటి, పొట్టది ఒకటి, వెనక కాళ్లది ఒకటి ఫొటోలు తీసి పెట్టండి. ఫ్లాష్ వాడకండి, నీటి తడికి మెరిసి చారలు కనిపించవు. పాచి ఉంటే ముందు మెత్తటి బ్రష్‌తో తుడవండి. చూసి చెబుతాను.